పక్కన నిలబడే గురువు
(ఖరగ్‌పూర్ తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో మీలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. రైల్వే కార్ఖానా వీల్ షాపులో రైలు ఇరుసులకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తూ ఉద్యోగం ముగించిన మనిషి ఆయన. రిటైరయ్యాక కూడా, అప్రెంటిస్ పరీక్షలకు చదువుకునే కాలనీ పిల్లల కోసం తన వరండాలో రాత్రి పొద్దుపోయేదాకా లైటు వేసి ఉంచేవారు. మామూలుగా నాయకుల పేరు మీద, పండితుల పేరు మీద ఉపన్యాసాలు పెడతారు. ఒక ఫిట్టరు పేరు మీద పెట్టాలని ఆయన శిష్యులు అనుకోవడం, దానికి ఆస్పత్రిలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసే నన్ను పిలవడం నాకెంతో సంతోషం. ఎందుకంటే ఆయన పని, నా పని ఒకే పరికరం నుంచి పుట్టాయి.

మన తాతలు ఈ ఊరికి ఎలా వచ్చారో మీకు తెలుసు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీరపు లైను దాని చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల వాళ్లకు ఆ పట్టాలే ఖరగ్‌పూర్ కార్ఖానాకు దారి అయ్యాయి. వచ్చినవాళ్లలో చదువుకున్నవాళ్లు తక్కువ. అయినా కొన్నేళ్లలో లేతు మీద, కొలిమి దగ్గర, బాయిలర్ షాపులో అంత నైపుణ్యం ఎక్కడ నుంచి వచ్చింది? మేస్త్రి పక్కన నిలబడి నేర్చుకోవడం వల్ల వచ్చింది. నేను ఈ రోజు మాట్లాడబోయేది దాని గురించే. స్కానింగ్ నేర్చుకునే విద్యార్థి పక్కన ఎవరు నిలబడాలి, ఎంతసేపు నిలబడాలి, నిలబడకపోతే రోగికి ఏమవుతుంది అన్నది నా విషయం.

ముందు ఆ ఒకే పరికరం కథ చెబుతాను. 1955 జులైలో గ్లాస్గో ప్రసూతి వైద్యాచార్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆ దగ్గరలోని రెన్‌ఫ్రూలో బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ వారి బాయిలర్ల కార్ఖానాకు వెళ్లారు. ఆపరేషన్లలో తీసిన గడ్డలను, నీటి తిత్తులను కార్ల డిక్కీల్లో పెట్టుకుని వెళ్లారు. పోల్చి చూడటానికి కార్ఖానా వాళ్లు పెద్ద మాంసం ముక్క ఒకటి తెప్పించి పెట్టారు. ఉక్కులో పగుళ్లు వెతికే యంత్రాన్ని వాటి మీద పెడితే నీటి తిత్తి నుంచి వచ్చిన ప్రతిధ్వని ఒకలా, గట్టి గడ్డ నుంచి వచ్చినది ఇంకోలా ఉంది. తర్వాత కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీ ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్ ఆయనతో కలిసి పనిచేశారు. ముగ్గురి పేర్లతో 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ రోజుల్లోనే ఒకామెకు జీర్ణకోశంలో క్యాన్సర్ ముదిరిందని, ఇక చేసేదేమీ లేదని పెద్ద డాక్టర్లు తేల్చారు. ఈ యంత్రం పెట్టి చూస్తే అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటి తిత్తి. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆమె బతికింది.

అంటే వైద్యులు స్కానింగ్ యంత్రాన్ని కార్ఖానా నుంచి తెచ్చుకున్నారు. యంత్రంతో పాటు కార్ఖానా క్రమశిక్షణ కూడా తెచ్చుకున్నామా అన్నదే నా ప్రశ్న.

ఆ క్రమశిక్షణ ఎలాంటిదో వీల్ షాపు గడప దాటని పిల్లల కోసం కొంచెం చెబుతాను. ఇరుసు పైకి నున్నగా, నిక్షేపంగా కనిపిస్తుంది. పగులు మొదలయ్యే చోటు చాలాసార్లు చక్రం బిగించిన భాగం కింద ఉంటుంది. కంటికి అందదు, చేతికి తగలదు. అందుకని ఇరుసు చివర ప్రోబ్ అనే చిన్న పరికరం పెట్టి ధ్వనిని పొడవునా పంపిస్తారు, అటు చివర తగిలి తిరిగి వస్తుంది. తర్వాత కోణం మార్చి, తక్కువ వాలులో ఒకసారి, ఎక్కువ వాలులో ఒకసారి చూస్తారు. తెర మీద గీతలు లేస్తాయి. ఇరుసు ఆకారం వల్ల లేచిన గీత ఏది, పగులు వల్ల లేచిన గీత ఏది అని విడదీయడమే పనితనం. పని మొదలుపెట్టే ముందు, కొలతలు తెలిసిన ఉక్కు దిమ్మె మీద యంత్రాన్ని సరిచూసుకోవాలి. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది, మన ఒంట్లోని మెత్తటి కణజాలంలో సగటున 1,540 మీటర్లు. అక్కడ నూనె రాస్తారు, ఇక్కడ జెల్ రాస్తాం. మధ్యలో గాలి ఉంటే రెండు చోట్లా ధ్వని లోపలికి పోదు. మిగతా భౌతికశాస్త్రం ఒకటే.

శిక్షణలో మాత్రం తేడా ఉంది. లోహాన్ని పాడుచేయకుండా పరీక్షించే ఈ రంగంలో ప్రపంచమంతా పాటించే నియమం ఒకటుంది. నేర్చుకుంటున్నవాడు సొంతంగా పరీక్ష చేయకూడదు, ఫలితం తేల్చకూడదు, రిపోర్టు రాయకూడదు. అర్హత ఉన్న మనిషి పక్కన ఉండగానే చేయాలి. మొదటి లెవెల్ పాసయ్యాక కూడా పై లెవెల్ మనిషి పర్యవేక్షణ ఉండాలి. మన 1961 అప్రెంటిస్ చట్టం కూడా, శిక్షణ బాధ్యతను తగిన అర్హత ఉన్న వ్యక్తికి అప్పగించాల్సిన విధి యజమానిదేనని చెబుతుంది. ఉక్కు ఇరుసు దగ్గరే ఇంత పూచీ అడుగుతున్నాం. బల్ల మీద పడుకుని పొట్ట చూపించే మనిషి దగ్గర అంతకన్నా తక్కువ అడగడానికి నా మనసు ఒప్పుకోదు.

ఎక్స్‌రేకూ స్కానింగ్‌కూ ఉన్న ఒక తేడా మీరు పట్టుకోవాలి. ఎక్స్‌రే ఒకసారి తీస్తే అది అక్కడే ఉంటుంది. విద్యార్థి చూసి వదిలేసిన మచ్చను సాయంత్రం గురువు చూడగలడు, వారం తర్వాత ఇంకో డాక్టరు చూడగలడు. స్కానింగ్‌లో అలా కుదరదు. చెయ్యి కదిలినంతసేపే బొమ్మ ఉంటుంది. ప్రోబ్ పోని చోటు ఎవరికీ కనిపించదు, అచ్చువేసిన నాలుగు బొమ్మల్లో అసలే కనిపించదు. విద్యార్థి మంచి బొమ్మలు నాలుగు దాచి, మూత్రపిండం పై కొనను చూడకుండా వదిలేస్తే, ఆ బొమ్మలను ఎంత పెద్ద రేడియాలజిస్టు చూసినా ఆ కొనలో ఉన్న గడ్డ దొరకదు. అందుకని సాయంత్రం బొమ్మలు చూసి సంతకం పెట్టడాన్ని నేను పర్యవేక్షణ అనను. గురువు గదిలో ఉండాలి. రోగి ఇంకా బల్ల మీద ఉండగానే ప్రోబ్ చేతిలోకి తీసుకుని తాను మళ్లీ చూడాలి. ఈ ఒక్క మాట మీరు ఒప్పుకుంటే నేను వచ్చిన పని చాలావరకు అయినట్టే.

ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. కుడివైపు డొక్కలో నొప్పితో ఒక రైల్వే ఉద్యోగి భార్య వచ్చింది. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చింది కాబట్టి గాల్ బ్లాడర్ నిండుగా ఉంది, చక్కగా కనిపిస్తోంది. నా విద్యార్థిని శ్రద్ధగా చూసింది. రాయి లేదు, గోడ మందం బాగానే ఉంది, నాళం వెడల్పు మామూలే. బొమ్మలన్నీ శుభ్రంగా ఉన్నాయి. పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడేవి. నేను ఆమెను ఎడమ పక్కకు తిరగమన్నాను, ప్రోబ్‌ను పక్కటెముకల సందులోకి జరిపాను. గాల్ బ్లాడర్ మెడ దగ్గర, పేగులోని గాలి చాటున, ఒక రాయి. దాని వెనక నల్లటి నీడ. అక్కడ ప్రోబ్ నొక్కితే ఆమె ఊపిరి బిగపట్టింది. విద్యార్థిని మొహంలో ఆ క్షణం కలిగిన మార్పు ఏ పుస్తకం చదివినా రాదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల రోగిని పక్కకు తిప్పకుండా గాల్ బ్లాడర్ వదల్లేదు. నేను ఆ గదిలో లేకపోతే మాత్రం రోగి గ్యాస్ బిళ్లలతో ఇంటికి వెళ్లేది, విద్యార్థిని తాను సరిగ్గా చేశాననే నమ్మకంతో వందమందిని అలాగే చూసేది. పర్యవేక్షణ లేని అనుభవం తప్పును గట్టిపరుస్తుంది. అనుభవం ఉంటే చాలు, అదే నేర్పుతుంది అనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక మన దేశంలో ప్రోబ్ పట్టి నేర్చుకునేది ఎవరు? బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో సోనోగ్రాఫర్ అనేది విడి వృత్తి. బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్లు, మిడ్‌వైఫ్‌లు పైచదువు చదివి సోనోగ్రాఫర్లవుతారు, చాలాచోట్ల రిపోర్టు కూడా వాళ్లే రాస్తారు. మన దగ్గర ప్రోబ్ పట్టేది ప్రధానంగా డాక్టరే. దానికి ఒక పెద్ద కారణం మీకందరికీ తెలిసిన గాయం, కడుపులోనే ఆడపిల్లల్ని చంపుకోవడం. 2001లో ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు 927 మంది ఆడపిల్లలుంటే 2011 నాటికి 918కి పడింది. 1994లో చేసి 2003లో బిగించిన గర్భస్థ పిండ లింగనిర్ధారణ నిషేధ చట్టం గర్భిణికి స్కానింగ్ ఎవరు చేయవచ్చో, ఎక్కడ చేయవచ్చో గీత గీసింది.

ఆ చట్టం కిందనే 2014లో శిక్షణ నియమాలు వచ్చాయి. ఎం.బి.బి.ఎస్. డాక్టరు పొట్ట, కటి భాగాల స్కానింగ్ చేయాలంటే ఆరు నెలలు, 300 గంటల శిక్షణ తీసుకోవాలి, లాగ్ బుక్ రాయాలి, చివర థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు పాసవ్వాలి. 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. నేనైతే శిక్షణ ఉండి తీరాలనే పక్షం. కానీ 300 గంటలను ఆరు నెలల మీద పరిచి చూడండి, వారానికి పన్నెండు గంటల లోపే. అంత తక్కువ సమయంలో ఒక గంట కూడా గురువు లేకుండా పోకూడదు. మనం వాదించుకోవాల్సింది గంటల లెక్క గురించి కాదు, ఆ గంటల్లో గురువు ఎక్కడున్నాడన్న దాని గురించి.

2021లో ఇంకో చట్టం వచ్చింది, అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టులతో పాటు డయాగ్నోస్టిక్ మెడికల్ సోనోగ్రాఫర్ అనే పేరు కూడా దాని షెడ్యూలులో ఉంది. ముందు వరుసలో ఉన్న రేడియాలజీ టెక్నాలజీ పిల్లలారా, ఇది మీకు తెరుచుకుంటున్న తలుపు. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. షెడ్యూలులో పేరు ఉన్నంత మాత్రాన గర్భిణి మీద ప్రోబ్ పెట్టే అర్హత రాదు, అది ఇప్పటికీ 1994 చట్టం చెప్పిన డాక్టర్లదే. ఆ గీత దాటమని మిమ్మల్ని ఎవరు అడిగినా, వాళ్లు మీ యజమానులే అయినా సరే, ఒప్పుకోకండి. యంత్రం సరిచేయడం, రోగిని సిద్ధం చేయడం, బొమ్మ మంచిదో కాదో గుర్తుపట్టడం, కృత్రిమ నమూనా మీద చెయ్యి కుదుర్చుకోవడం ఇప్పుడే నేర్చుకోండి. రేపు లండన్ వెళ్లినా, మెల్‌బోర్న్ వెళ్లినా ఆ పునాది మీదనే కడతారు.

గురువు పక్కన ఉండాలన్నాను. ఉండి ఏం చేయాలి? మొదటి రోజుల్లో గురువు చేస్తాడు, విద్యార్థి చూస్తాడు. తర్వాత గురువు ముందు చూసి, ఏముందో చెప్పకుండా ప్రోబ్ ఇస్తాడు. ఇంకొన్నాళ్లకు వరస తిరగబడాలి. విద్యార్థి ముందు చూసి తాను ఏమనుకుంటున్నాడో గట్టిగా చెప్పాలి, అప్పుడు గురువు మళ్లీ చూడాలి. గట్టిగా చెప్పడం అన్నది ముఖ్యం. మనసులో అనుకుని గురువు చెప్పాక తలూపే విద్యార్థి నేర్చుకోడు. ఆఖరి దశలో గురువు గది బయట ఉండవచ్చు, పిలిస్తే వచ్చేంత దూరంలో. ఒక్కో అవయవానికి ఒక్కో దశ వేర్వేరు కాలంలో వస్తుంది. లివర్ ఒంటరిగా చూడగలిగిన విద్యార్థికి కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం వెతకడంలో ఇంకా చెయ్యి పట్టుకోవాల్సి రావచ్చు. అపెండిక్స్ అయితే మరీ. నెదర్లాండ్స్ రేడియాలజిస్టు జూలియన్ పైలార్ట్ 1986లో వివరించిన పద్ధతిలో ప్రోబ్‌ను మెల్లమెల్లగా నొక్కుతూ పేగును పక్కకు తప్పించాలి. ఎంత నొక్కాలి, రోగి మొహంలో ఏ మార్పు చూసి ఆపాలి అన్నది మాటల్లో చెప్పేది కాదు. విద్యార్థి చేతి మీద గురువు చెయ్యి వేసి నొక్కి చూపించాలి.

మన ఊరి సంగతి ఇంకొకటి ఉంది. ఇక్కడ స్కానింగ్ గది ముందు వరసలో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, సంతాలీ మాట్లాడేవాళ్లు ఉంటారు. ఊపిరి పీల్చి పట్టుకో అని చెప్పలేకపోతే లివర్ కిందికి దిగదు, పక్కటెముకల చాటునే ఉండిపోతుంది. ఊపిరి ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు వదలాలో, నొప్పి ఎక్కడుందో అడగడం అన్ని భాషల్లోనూ విద్యార్థికి మొదటి వారమే నేర్పాలి. ఈ పని ఖరగ్‌పూర్ పిల్లలకు తేలిక. గోల్‌బజార్‌లో తిరిగిన ఏ పిల్లవాడికైనా మూడు భాషలు వస్తాయి. దీన్ని మన పిల్లలు ఒక అర్హతగా చెప్పుకోవాలి.

అదే ఊరితనం ఇంకోచోట బరువవుతుంది. కాలనీలో అందరికీ అందరూ తెలుసు. బల్ల మీద పడుకున్నది ఎదురింటి కోడలు, బయట కూర్చున్నది ఆమె అత్తగారు. స్కానింగ్ నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మను పట్టుకుని, "ఏటమ్మీ, బాబేనేటి? మన బిడ్డవి కదా, నాకు చెప్పకపోతే ఎవలికి చెప్తావు?" అని అడుగుతారు. చట్టం మాటతో గానీ సైగతో గానీ ఇంకే విధంగా గానీ చెప్పకూడదంటుంది. ఆ చట్టం అడిగే ఫారం ఎఫ్‌లో, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని గర్భిణి సంతకం పెడుతుంది, తాను కనిపెట్టలేదని, ఎవరికీ చెప్పలేదని డాక్టరు సంతకం పెడతారు. మొదటిసారి చెబితే మూడేళ్ల దాకా జైలు. ఇవన్నీ విద్యార్థికి పాఠంలో ఉంటాయి. కానీ ప్రేమగా అడిగే పెద్దావిడ ముందు ఇరవై అయిదేళ్ల పిల్ల నోరు మూసుకుని నిలబడటం పాఠంలో లేదు. అప్పుడు పక్కన గురువు ఉండాలి. "అత్తా, బిడ్డ బాగుంది, గుండె బాగా కొట్టుకుంటోంది, అది చాలు మనకి" అని గురువు చెప్పడం విద్యార్థి వినాలి. ఆ నిబ్బరం కూడా వృత్తి నైపుణ్యమే, అదీ ఒకరిని చూసే నేర్చుకుంటారు.

గురువుల కష్టం గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. ఒక రేడియాలజిస్టు ముందు రోజంతా తెగని వరస ఉంటుంది. విద్యార్థి పక్కన ఉంటే ఒక్కో రోగికి పట్టే సమయం పెరుగుతుంది. ఆ అదనపు సమయం ఎవరూ ఇవ్వకపోతే గురువు తన తిండి, విశ్రాంతి వదులుకుని నేర్పాలి, లేదా నేర్పడం మానేయాలి. చాలాచోట్ల జరిగేది రెండోదే, నేను వాళ్లను నిందించను. నేను అడిగేది ఆస్పత్రులు నడిపేవాళ్లను. విద్యార్థి ఉన్న రోజు ఆ గది జాబితాలో రోగుల సంఖ్య తగ్గించి రాయండి. నేర్పడం కూడా డ్యూటీ అని కాగితం మీద పెట్టండి. పైగా రోజంతా భుజం ఎత్తి ప్రోబ్ నొక్కేవాళ్లకు మెడ, భుజం, మణికట్టు నొప్పులు పట్టుకుంటాయి. కుర్చీ ఎత్తు, బల్ల ఎత్తు, మోచెయ్యి ఆనించే తీరు మొదటి నెలలోనే సరిదిద్దే గురువు లేకపోతే, నలభై ఏళ్లకే వృత్తి వదిలేయాల్సి రావచ్చు. పనికి తగిన సమయం, వసతులు అడిగి తెచ్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. 1920లలో వి.వి. గిరిగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను కూడగట్టినప్పుడు ఖరగ్‌పూర్ కార్ఖానా ఆ పోరాటానికి నడిబొడ్డు. పనివాడికి తగిన పరిస్థితులు కావాలనడం మన పెద్దలు మనకిచ్చిన అలవాటు.

చివరగా లాగ్ బుక్. ఇప్పుడు చాలా లాగ్ బుక్కుల్లో తేదీ, రోగి నంబరు, ఏ పరీక్ష, గురువు సంతకం ఉంటాయి. ఇన్ని లివర్లు, ఇన్ని కిడ్నీలు అని లెక్క తేలుతుంది. వీల్ షాపు పద్ధతి తెలిసినవాళ్లు ఇది చాలదంటారు. నా విద్యార్థుల చేత నేను ఇంకా మూడు గడులు రాయిస్తున్నాను. గురువు చూడకముందు విద్యార్థి ఏమని తేల్చాడు, తర్వాత గురువు ఏమని తేల్చాడు, రెండూ తేడా వస్తే తర్వాత ఆపరేషన్‌లోనో ఇంకో పరీక్షలోనో ఏది నిజమని తేలింది. ఆ మూడో గడి నింపడానికి విద్యార్థి వార్డుకు వెళ్లి అడగాలి, సర్జను దగ్గరకు వెళ్లి అడగాలి. కొన్నిసార్లు విద్యార్థి మాటే నిజమని తేలుతుంది. అప్పుడు అది కూడా రాయాలి, గురువు సంతకం దాని కిందనే పడాలి.

ఇంకో మాట రోగులుగా వచ్చే మీకు. విద్యార్థి స్కాన్ చేస్తానంటే కాదనకండి, రేపు మీ పిల్లలకు స్కాన్ చేసేది ఈ విద్యార్థే. కానీ ముందుగా మీతో చెప్పి, మీ ఒప్పుదల అడగాలి. స్త్రీలకు స్కాన్ చేసేటప్పుడు గదిలో ఇంకో స్త్రీ ఉండాలి. అయ్యాక, "పెద్ద డాక్టరు కూడా చూస్తారు కదా?" అని అడగండి. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే బల్ల దిగకండి, పెద్ద డాక్టరు వచ్చేదాకా అక్కడే ఉండండి.